ఆకలి లేని శ్రావణం

జూలై 1, మంగళవారం

మా ఆటల బృందాన్ని నడిపే మాలన్‌తాయి, మా అందరికీ అక్క, నన్ను పాటల వరసలో కూర్చోమంది. అందరి ముందూ అనలేదు. చెప్పులు వేసుకుంటుంటే పక్కకు పిలిచి, చాలా మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది.

వినాయక చవితి ముందు రోజు, మొగుడి క్షేమం కోసం ఉపవాసముండే హర్తాళిక సాయంత్రం ప్రదర్శనకి ఈసారి మిరజ్ నుంచీ కొల్హాపూర్ నుంచీ కూడా బృందాలు వస్తున్నాయట. సాంగ్లీ ఆడవాళ్ళ పరువు ఫుగడి మీదే ఆధారపడి ఉందట. చేతులు మెలేసి పట్టుకుని, పాదాలు దగ్గరగా పెట్టి, వెనక్కి వాలి గిరగిరా తిరిగేటప్పుడు ఇద్దరి బరువూ సరిగ్గా తూగాలట. ఫుగడి అంటే ఏమిటో నాకు చెబుతోంది! మంజిరీ నేనూ రెండు జడల వయసు నుంచి తిరుగుతున్నాం. మా పెళ్ళిళ్ళయిన మొదటి శ్రావణంలో, ఒకరి మంగళగౌరికి ఒకరం వెళ్ళి పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ నోరు తెరిచి చూసేలా తిరిగాం.

“మంజిరి తిరగడం లేదే వైజూ, నువ్వు విసిరితే ఎగురుతోంది” అంది మాలన్‌తాయి.

నా బదులు కేతకి అట. బ్యాంకులో పనిచేసే కొత్త పిల్ల. దాని నడుమెంతో నాకు తెలుసు, దాని తొమ్మిది గజాల చీర కుట్టింది నేనే. బృందంలో అందరి నడుములూ నా టేపుకి తెలుసు. నా నడుము మాత్రం నేను కొలిచి చాలా ఏళ్ళయింది.

ఇంటికి వస్తూ మంజిరిని అడిగాను, నీకూ అలాగే ఉందా అని. కొంచెం భుజం లాగుతోంది, అంది. ఆ ‘కొంచెం’ నాకు గొంతులో ముల్లులా ఉండిపోయింది.

జూలై 3

టేపు తీశాను. ఎంతో రాయను.

జూలై 5, శనివారం

షాపు పక్కన పార్లర్ నడిపే అస్మిత తన జాకెట్లు తెచ్చి రెండు వైపులా లోపలికి పట్టమంది. నిజంగానే వదులైపోయాయి. కడుపు మాడ్చుకుంటున్నావా అంటే నవ్వింది. ‘తన్వంగి’ అంది. బిళ్ళలట. అన్నీ మూలికలేనట. పొద్దున్నే ఒకటి వేసుకుంటే చాలట. డాక్టరూ వద్దు, పరుగులూ వద్దు.

సాయంత్రం నేనే మందుల షాపుకి వెళ్ళాను. కౌంటరు మీదే ఉన్నాయి, దగ్గు బిళ్ళల పక్కన. ఆకుపచ్చ డబ్బా. షాపువాడు చీటీ అడగలేదు, బీపీ ఉందా అనలేదు. కడుపునొప్పి బిళ్ళకి సవాలక్ష ప్రశ్నలు వేసే మనిషి. వాడే ఏమీ అడగలేదంటే ఇందులో భయపడాల్సింది ఏమీ లేనట్టే కదా. డబ్బా మీద దుష్ఫలితాలు లేవని రాసి కూడా ఉంది, కింద ఒక తులసాకు బొమ్మ. ఆకు బొమ్మ చూస్తే సగం భయం పోతుంది.

ఈయనకి చెప్పలేదు. చెబితే డిపోలో కండక్టర్లందరికీ చెప్పి నవ్వుతారు.

జూలై 9

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవడం మర్చిపోయాను. సాయంత్రం షాపు కట్టేస్తూ చూస్తే భాకరీ రొట్టె, వంకాయ కూర అలాగే ఉన్నాయి. నా జన్మలో అన్నం తినడం మర్చిపోవడం ఇదే మొదలు. కూర్చుని నవ్వుకున్నాను.

నోరు ఎండుతోంది. వేసవి ఇంకా పోలేదు మరి. వాన పడుతూనే ఉందనుకో.

జూలై 13, ఆదివారం

నిద్ర రాలేదు. కానీ నీరసం కూడా లేదు. ఒంట్లో నీరసం లేనప్పుడు నిద్ర అక్కర్లేదేమో. లేచి కాజాలన్నీ కుట్టేశాను. పెళ్ళివాళ్ళ జాకెట్లు వారం ముందే అయిపోయాయి. వంటగది అలమర సర్దాను. పాత సీసాలన్నీ కడిగాను. ఈయన కాఫీ అడిగితే, కాఫీ పెట్టి, మళ్ళీ అలమర సర్దాను.

బాగుంది. చాలా బాగుంది.

జూలై 20, ఆదివారం

అంగుళం తగ్గింది! టేపు రెండోసారి పెట్టి చూశాను, మూడోసారి కూడా. అంగుళమే.

ప్రాక్టీసుకి వెళ్ళాను. పాటల వరసలో కూర్చోబెట్టారు, కూర్చున్నాను. వీళ్ళు ఇంత నెమ్మదిగా పాడుతున్నారేమిటి? తాళం నా చేతిలోనే ఉంది, నేను సరిగానే వేస్తున్నాను, పాట వెనకబడిపోతోంది. మాలన్‌తాయి రెండుసార్లు నా వైపు చూసింది. మూడోసారి, వైజూ, రైలు ఏమైనా పట్టుకోవాలా, అంది. అందరూ నవ్వారు. కేతకి అయితే పక్కకి తిరిగి మరీ నవ్వింది.

వీళ్ళకి వయసు మీద పడుతోంది, అంతే.

జూలై 28, శ్రావణ సోమవారం

ఉపవాసం. ప్రతి ఏడూ పదకొండు గంటలకే నా కళ్ళు సగ్గుబియ్యం ఖిచిడీ గిన్నె చుట్టూ తిరుగుతాయి. ఇవాళ దాని ఊసే లేదు. గుళ్ళో మధ్యాహ్నం వరకూ నిలబడ్డాను. అందరూ ప్రసాదం పళ్ళు తింటుంటే నేను వద్దన్నాను. అందరం పిన్నీ అన్నట్టు కాకూ అని పిలిచే ఎదురింటావిడ తన కోడలితో, చూడు, నిష్ఠ అంటే ఆవిడది, అంది.

నేను తల వంచుకున్నాను. వినయమే అనుకున్నారు.

దేవుడికేం పోయింది? ఆకలి వేయడం ఉపవాసమా, తినకపోవడం ఉపవాసమా? తినలేదు కదా.

ఆగస్టు 4

కులకర్ణీవాళ్ళ అమ్మాయి జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టాను. ఇన్నేళ్ళలో ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు. ఆ పిల్ల తొడుక్కోబోయి నవ్వింది. నేను కసురుకున్నాను. వాళ్ళమ్మ ముఖం మాడ్చుకుని పోయింది. వెనకాలే వెళ్ళి బతిమాలాల్సింది. వెళ్ళలేదు. నిలబడలేకపోయాను, కూర్చోలేకపోయాను. మళ్ళీ విప్పి కుట్టాను.

సూది వేల్లో దిగింది. పెద్ద దెబ్బేం కాదు.

ఆగస్టు 9, శనివారం

బృందంలో ఆడవాళ్ళు పసిగట్టారు. నా చీర నడుము దగ్గర లోపలికి మడిచి కుట్టుకోవడం చూశారు. ఏం చేస్తున్నావే, మాకూ చెప్పవే అని వెంటబడ్డారు. ముందు బెట్టు చేశాను, తర్వాత చెప్పాను. ఏదో సాయం చేసినట్టనిపించింది. నలుగురికీ నేనే తెచ్చిచ్చాను. కేతకి కూడా, పెళ్ళిచూపులున్నాయి కాకూ అని, మెల్లగా ఒక డబ్బా అడిగింది. పిడికెడంత నడుముకి ఎందుకే అని అడగాలి. అడగలేదు. ఇచ్చాను.

ఈ డబ్బాలు పార్లర్లో తనూ పెట్టి అమ్ముతున్న అస్మిత నా భుజం తట్టి, నువ్వే నా బోర్డువి, అంది. నాకు సంతోషమేసింది.

ఆగస్టు 12, మంగళవారం

మాలన్‌తాయి నన్ను మళ్ళీ ఫుగడిలోకి తీసుకుంది!

మంజిరి చేతులు పట్టుకోగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ చేతుల్లో నాకు తెలియని గీత లేదు. వెనక్కి వాలాం. తూగింది. సరిగ్గా తూగింది. కప్పూ గోడలూ అన్నీ కలిసిపోయాయి, మంజిరి ముఖం ఒక్కటే ఎదురుగా నిలబడి ఉంది, చిన్నప్పటిలా. దిగాక అది ఆయాసపడుతూ, “ఎంత జోరే నీకు, పాట కంటే ముందే పోతున్నావు” అంది. పాటే వెనకబడింది అన్నాను. అది నా ముఖం వైపు కాసేపు చూసి, చిక్కిపోయావే వైజూ, అంది. మెచ్చుకున్నట్టు లేదు ఆ మాట. నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

కేతకి పాటల వరసలోకి వెళ్ళింది. పోనీలే పాపం, చిన్న పిల్ల, ఇంకా ఎన్నో ఏళ్ళున్నాయి.

ఆగస్టు 15

దిండు మీద చెవి పెడితే కింద ఎవరో మిషను తొక్కుతున్నట్టు వినిపిస్తోంది. అటు తిరిగినా అదే, ఇటు తిరిగినా అదే.

ఈయన పొద్దున్న కాఫీ గ్లాసు అందుకుంటూ నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. “ఇంత పరిగెడుతోందేమిటి నాడి? డాక్టరుకి చూపిద్దాం పద” అన్నారు. ఈ వయసులో ఆడవాళ్ళందరికీ ఇంతే, మీకేం తెలుసు, అని చెయ్యి లాక్కున్నాను. గ్లాసు కిందపడింది. ఆయన ఏమీ అనకుండా తుడిచారు. ఏదన్నా అంటే బాగుండేది, పోట్లాడేదాన్ని.

హర్తాళిక అయ్యాక మానేస్తాను. ఈ పది రోజులే.

ఆగస్టు 19

బాగానే ఉన్నాను.

ఆగస్టు 24, ఆదివారం

మంజిరి జాకెట్టు కొలతలకి వచ్చింది. దాని నడుము మీద టేపు ఎప్పుడూ కదలదు, ఇరవై ఏళ్ళ నాటి కొలతే. ముఖం మాత్రం దిగులుగా ఉంది. కూర్చోబెట్టి అడిగితే చెప్పింది.

పోయిన ఏడాది వాళ్ళాయన వినాయక్ పసుపు యార్డులో లారీ కింద పడబోయి బతికాడు కదా, అప్పుడు మొక్కుకుందట, వచ్చే హర్తాళికకి చుక్క నీళ్ళు కూడా ముట్టనని. అందరం చేసేదే, కానీ మంజిరికి ఉపవాసం పడదు. మధ్యాహ్నానికి తల పగిలిపోతుంది, వాంతి చేసుకుంటుంది. ఏటా టీ తాగి లెంపలేసుకుంటుంది. ఈసారి టీ లేదు, సాయంత్రం ఫుగడి ఉంది. ఎలాగే వైజూ, అంది. మొక్కు తప్పితే ఆయనకేమన్నా అవుతుందేమోనని దాని భయం. అది ఏడిస్తే నేను చూడలేను.

తన్వంగి ఇచ్చాను.

నేను లావు కాదు కదే, అంది. లావుకి కాదు, ఆకలికి, అన్నాను. నా శ్రావణ సోమవారాలు ఎలా గడిచాయో చెప్పాను. తెల్లవారకముందు నీళ్ళతో వేసుకుంటే ఉపవాసం చెడదు, సూర్యుడు లేచాక ఏదీ ముట్టనవసరం లేదు. నోరు ఎండుతుందా అని అడిగింది. ఎలాగూ ఎండే ఉంటుంది కాబట్టి నీళ్ళు తాగినా తాగకపోయినా తేడా తెలియదు, అన్నాను. ఇద్దరం నవ్వాం.

రెండు వేసుకోమన్నాను. ఒకటి నాకు సరిపోతుంది. కానీ దానికి రోజంతా నిలవాలి కదా. నేనూ రెండే వేసుకుంటాను, దానికి తోడు.

ఆగస్టు 26, మంగళవారం, హర్తాళిక, పొద్దున్న

ఇసుకతో మహాదేవుణ్ణి చేశాను. చేతులు వణికి రెండుసార్లు కూలిపోయాడు. మూడోసారి నిలబడ్డాడు. మంజిరి ఫోన్ చేసింది, ఆకలి అస్సలు లేదే, అద్భుతంగా ఉంది అంది. గొంతు కొంచెం గబగబా ఉంది. ఉత్సాహం.

ఆగస్టు 27, వినాయక చవితి

చెయ్యి జారింది. చెమటకి.

ఇంట్లో గణపతిని పెట్టారు. ఈయనే పెట్టారు, నాకు చేత కాలేదు. మోదకాలు ఎదురింటి కాకూ పంపింది.

చెయ్యి జారింది.

మూడు బృందాల్లో చివరిది మాది. మంజిరి ముఖం ఎర్రగా ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి. ఎలా ఉంది అంటే చాలా బాగుంది అంది, మాట తడబడింది. తిరగడం మొదలుపెట్టాం. చప్పట్లు మొదలయ్యాయి. నా గుండె చప్పుడూ తాళమూ కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. ఇంకా తొందరగా, ఇంకా తొందరగా. అప్పుడు దాని చేతులు నా చేతుల్లోంచి జారిపోయాయి. మంజిరి వేదిక అంచు మీద పడింది. పాట ఒక లైను పూర్తయ్యేదాకా ఎవరూ ఆపలేదు. అందరూ అది కూడా ఆటేననుకున్నారు.

చెమటకి జారిందని అందరికీ చెప్పాను. మాలన్‌తాయికీ, వినాయక్‌కీ, ఈయనకీ.

చెమట లేదు. చుక్క నీళ్ళు తాగని ఒంట్లో చెమటెక్కడిది? దాని చేతులు పొడిగా, చల్లగా ఉన్నాయి.

ఇంకొకటి కూడా ఉంది. తిరుగుతుండగా మంజిరి, “వైజూ, ఆపు” అంది. నేను విన్నాను. ఇంకొక్క చుట్టు అనుకున్నాను.

ఆగస్టు 28, గురువారం

ఆసుపత్రిలో అద్దం గది బయట కూర్చున్నాను రోజంతా. భుజం ఎముక విరిగింది, అది అతుక్కుంటుందట. గుండెతోనే ఇబ్బంది. కాసేపు మామూలుగా కొట్టుకుంటుంది, ఉన్నట్టుండి లయ తప్పి పరిగెడుతుంది, నర్సులు పరిగెత్తుతారు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, చాలా ఓపికగా మాట్లాడుతుంది. నీళ్ళు లేని ఉపవాసం చేసినవాళ్ళు ప్రతి ఏడూ ఈ వారంలో వస్తారట. వాళ్ళందరికీ బీపీ పడిపోతుందట. ఈవిడకి పైకెక్కి కూర్చుంది, అదే అర్థం కావడం లేదు, అంది. ఏమన్నా మందులు వాడుతుందా, ఆకుపసర్లు, బిళ్ళలు, ఏవైనా సరే చెప్పండి, అని వినాయక్‌ని అడిగింది. ఏమీ లేవండీ, తలనొప్పి బిళ్ళ కూడా వేసుకోదు, అన్నాడతను. అంత గట్టిగా, అంత నమ్మకంగా అన్నాడు.

తర్వాత డాక్టరమ్మ నన్ను చూసింది. మీరు స్నేహితులు కదా, మీకేమన్నా తెలుసా, అంది.

లేదండీ, ఉపవాసమే, అన్నాను.

ఉపవాసమే అయి ఉండొచ్చు. అంతమంది పడిపోతారు కదా ఏటా. అస్మిత వేసుకుంటోంది, తనకేం కాలేదు. నాకూ ఏమీ కాలేదు. అన్నీ మూలికలు.

నాకేమీ కాలేదు.

ఆగస్టు 29

నిన్నటి నుంచి బిళ్ళ వేసుకోలేదు. ఆకలి ఒక్కసారిగా మీదపడింది. చల్లారిన మోదకాలన్నీ గిన్నెలోంచి నిలబడే తిన్నాను. తింటూ ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఎక్కడుందో ఈ ఏడుపు కూడా.

మధ్యాహ్నం లోపలికి వెళ్ళనిచ్చారు. మంజిరికి మెలకువ వచ్చింది. ముక్కుకి గొట్టం. ముందు, ప్రైజు వచ్చిందా, అని అడిగింది. కొల్హాపూర్ వాళ్ళకి అన్నాను. ముఖం చిట్లించింది. నేను వంగి, బిళ్ళల సంగతి డాక్టరుకి చెప్పేస్తానే, అన్నాను.

నా కొంగు పట్టుకుంది.

“చెప్పొద్దు వైజూ. నా ఉపవాసం పోతుంది.”

నాకు అర్థం కాలేదు. అది ఆగి ఆగి చెప్పింది. “ఆయన ప్రాణం కోసం చేశాను. మందు మింగి ఆకలి లేకుండా చేశానని తెలిస్తే అదేం ఉపవాసమే? ఆయనకేమన్నా అయితే? నా మీద ఒట్టు, చెప్పొద్దు.”

వినాయక్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో కొబ్బరినీళ్ళతో. వినలేదు. పెళ్ళాం మాట్లాడుతోందన్న సంతోషంలో ఉన్నాడు.

సరే అన్నాను మంజిరితో. చెప్పను అన్నాను. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. చెప్పకపోతే నాకూ మంచిదే కదా. దాని ఒట్టు వెనక నేను హాయిగా దాక్కోవచ్చు. ఒట్టు నా కోసమే వేయించుకున్నట్టు ఉంది. నా మీద నాకే అసహ్యమేసింది.

ఆగస్టు 30, శనివారం

తెల్లవారగానే మళ్ళీ లయ తప్పిందని వినాయక్ ఫోన్ చేశాడు. డబ్బా సంచిలో వేసుకుని వెళ్ళాను. ఈయన స్కూటరు మీద దింపారు. దారిలో ఆయనకి చెప్పాను, మొత్తం. ముందు గుండె డాక్టరుకి నిన్ను కూడా చూపించాలి, అన్నారు. నన్ను తిట్టలేదు. ఈయన నన్ను ఎప్పుడు తిడతారో ఏమో.

డాక్టరమ్మ డబ్బా వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. ఎన్ని వేసుకుంది అని అడిగింది. రెండు అన్నాను. నేనే రెండు వేసుకోమన్నానని కూడా అన్నాను. ఆవిడ కోప్పడలేదు. పైన రాసేది ఒకటి, లోపల కలిపేది ఇంకొకటి ఉంటుందమ్మా, అంది. ఆకలి చంపడానికి ఒకప్పుడు వాడిన మందు ఉండేదట, గుండెకి చేటని ఆపేశారట. ఇలాంటి ఆకు బొమ్మల డబ్బాల్లో అది దొంగచాటుగా దొరుకుతూ ఉంటుందట. ఇందులో ఉందో లేదో పరీక్షకి పంపితే గానీ చెప్పలేను, కానీ ఉందనుకునే వైద్యం చేస్తాను, అంది. వెంటనే లోపలికి వెళ్ళి ఏవో రెండు మందులు మార్పించింది. మీరు మొన్న అడిగినప్పుడే చెప్పి ఉంటే రెండు రోజులు కలిసొచ్చేవి, అని మాత్రం అంది.

వినాయక్ పక్కనే ఉన్నాడు. అన్నీ విన్నాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండు అనుకున్నాను. నన్ను వదినా అన్నట్టు వహినీ అని పిలిచే అతను బెంచీ మీద కూలబడి, “నా కోసం ఎవరు ఆకలితో ఉండమన్నారు వహినీ? నేను అడిగానా?” అన్నాడు. మళ్ళీ మళ్ళీ అదే అన్నాడు.

అద్దంలోంచి చూస్తే మంజిరి నా వైపు చూస్తోంది. డాక్టరమ్మ చేతిలో ఆకుపచ్చ డబ్బా చూసింది. తల గోడ వైపు తిప్పుకుంది.

సెప్టెంబరు 2

నిన్న మాలన్‌తాయి ఇంట్లో అందరినీ పిలిపించి చెప్పాను. ముందుగా కేతకితో. అది ఏడుపు ముఖంతో, రోజూ గుండె దడగా ఉంటోంది కాకూ, పెళ్ళిచూపుల కంగారనుకున్నాను, అంది. డబ్బాలన్నీ వెనక్కి తీసుకున్నాను. ఒకావిడ మాత్రం ఇవ్వలేదు. నాకు పడింది, నీ స్నేహితురాలికి పడలేదు, అందరి ఒళ్ళూ ఒకటి కాదు, అంది. నేను నెల క్రితం మాట్లాడిన మాటలే, నా గొంతే. డాక్టరమ్మ పేరు రాసిచ్చి వచ్చాను.

మందుల షాపుకి కూడా వెళ్ళాను. “ఆయుర్వేదం వహినీ, ఏమీ కాదు” అన్నాడు. కౌంటరు మీద డబ్బాలు అలాగే ఉన్నాయి. నేను నిలబడి ఉండగానే కాలేజీ పిల్ల ఒకతె వచ్చింది. ఆ పిల్లతో పెద్దగా చెప్పాను, కొనొద్దని, ఎందుకో కూడా చెప్పాను. షాపువాడు నన్ను ఇంకెప్పుడూ రావద్దన్నాడు. డాక్టరమ్మ మందుల అధికారులకి రాసిందట. జవాబు ఇంకా రాలేదు.

అస్మిత పార్లర్ తలుపు నన్ను చూసి వేసుకుంది.

సెప్టెంబరు 6

మంజిరి ఇంటికి వచ్చేసింది. గుండె కుదుటపడింది. కొన్ని నెలలు మందులు వాడాలి, ఉపవాసాలు లేవు, ఫుగడి ఇక ఎప్పుడూ వద్దన్నారట. ఇదంతా వినాయక్ చెప్పాడు. మంజిరి మాట్లాడదు. వెళ్తే పడుకున్నట్టు కళ్ళు మూసుకుంటుంది. నాకు తెలియదా అది పడుకుంటే ఎలా ఉంటుందో.

నా గుండె పరీక్ష బాగానే ఉందన్నారు. సిగ్గేసింది, ఎందుకో.

సెప్టెంబరు 14, ఆదివారం

టేపు పెట్టాను. పోయిన అంగుళాలన్నీ తిరిగొచ్చాయి, ఒకటి చుట్టాన్ని కూడా వెంట తీసుకొచ్చింది. చీర నడుము విప్పి మళ్ళీ వెడల్పు చేసుకున్నాను. రెండు నెలలు తిండీ నిద్రా మానుకుని సంపాదించింది పదిహేను రోజుల్లో పోయింది.

నిద్ర పడుతోంది కానీ. నిన్న మధ్యాహ్నం మిషను మీదే తల పెట్టి పడుకున్నాను.

సెప్టెంబరు 19

మంజిరి జాకెట్టు కుట్టి పంపాను. భుజం కట్టు మీద పట్టేలా చెయ్యి వదులుగా పెట్టి, ముందు హుక్కులు పెట్టాను. తిరిగి పంపేస్తుందనుకున్నాను. పంపలేదు.

సెప్టెంబరు 26, శుక్రవారం

నవరాత్రి. మా వీధి హాల్లో భోండ్లా పాటలు, ఆడపిల్లలంతా ఏనుగు బొమ్మ చుట్టూ తిరుగుతూ పాడతారు. తర్వాత మా బృందం ఆటలు. నేను వెళ్ళనన్నాను. మాలన్‌తాయి స్వయంగా ఇంటికి వచ్చింది. పాటల వరసలో కూర్చో, వెనక, అంది. జూలైలో ఇదే మాటకి ఒళ్ళు మండిపోయింది. ఇవాళ, ఆ మాటైనా అంటోంది, అదే చాలు అనిపించింది.

తాళాలు పట్టుకుని వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. కేతకీ ఇంకో అమ్మాయీ ఫుగడికి చేతులు మెలేసుకుంటున్నారు. కేతకి కొంచెం ఒళ్ళు చేసింది, బాగుంది. నేను పాట కంటే ముందు పోకుండా జాగ్రత్తగా తాళం వేస్తున్నాను. కళ్ళు మాత్రం వాళ్ళ చేతుల మీదే ఉన్నాయి, పొడిగా ఉన్నాయా, తడిగా ఉన్నాయా అని.

ఎవరో వచ్చి నా పక్కన నిలబడ్డారు. నేను కుట్టిన జాకెట్టు, చెయ్యి వదులుగా, ముందు హుక్కులు. తల ఎత్తడానికి ధైర్యం చాలలేదు. వినాయక్ కుర్చీ తెచ్చి వేయబోతే వద్దంది. ఇకపై దాని చోటు కూడా ఇదే కదా, నా వల్ల. క్షమించవే అని అడుగుదామని నోరు తెరిచాను.

మంజిరి కట్టు కట్టిన భుజం ఒక చేత్తో పట్టుకుని, నన్నూ గోడనీ చూసింది.

“జరగవే కాస్త” అంది. “వరసంతా నువ్వే ఆక్రమించావు.”

నేను జరిగాను.